అరువు అలసట

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. స్వరూపకు మాత్రం పడుకుని తినే ఉద్యోగం దొరికిందని కాశిబుగ్గలో వాళ్ళ వాడకట్టంతా చెప్పుకుంది. చెప్పుకున్నవాళ్ళలో సగంమందికి కుళ్ళు, మిగతా సగంమందికి ఆశ్చర్యం. ఇంట్లోనే ఉండి బిడ్డను చూసుకుంటే మిల్లు జీతంలో ముప్పాతిక వంతు నెలనెలా ఇస్తారట. దాని పేరు ఇంటిపట్టు భృతి. బదులుగా చేయవలసిందల్లా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నడుం వాల్చడమే.

"అదృష్టమంటే గదీ!" అని ఎదురింటామె బుగ్గలు నొక్కుకుంది.

నడుం వాల్చాక ఏం జరుగుతుందో ఎదురింటామెకు ఎవరూ చెప్పలేదు. స్వరూపకు చెప్పే ఓపిక లేదు.

ఆమె ఆరేళ్ళు ఊరవతల మిల్లులో నూలు కండెలు చుట్టే మెషిన్ల దగ్గర పనిచేసింది. భర్త మొగిలి అదే మిల్లులో మగ్గాల మెకానిక్కు. కూతురు మల్లికకు అయిదో నెల వచ్చి, కాన్పు సెలవు అయిపోయే సమయానికి మిల్లువాళ్ళు స్వరూప ముందు రెండు కాగితాలు పెట్టారు. పనిలోకి తిరిగి వస్తానని ఒకటి. భృతి తీసుకుని ఇంటి దగ్గర ఉంటానని ఒకటి. ఏ కాగితం మీద సంతకం పెట్టినా ముందు హన్మకొండలోని పరిశోధన కేంద్రానికి వెళ్ళి అసలు సంగతి కళ్ళారా చూసి రావాలన్నారు.

అక్కడ డాక్టర్ తబస్సుమ్ అనే ఆమె చూపించింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళ కింద నల్లటి చారలు. ఊళ్ళో వాళ్ళందరి అలసట తీసే యంత్రం కనిపెట్టిన మనిషికి తన అలసట తీసుకునే తీరిక దొరికినట్టు లేదు.

అప్పుడే షిఫ్టు దిగిన ఒక పెద్దాయన నడుం పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన భుజాలకూ పిక్కలకూ నాలుగు పట్టీలు కట్టి, తీగలను పాలక్యాను అంత డబ్బాకు తగిలించారు. పావుగంట సేపు తుమ్మెద ఝుంకారంలాంటి చప్పుడు. తర్వాత ఆయన లేచి ఒళ్ళు విరుచుకుని, కుర్రాడిలా మెట్లు రెండేసి దిగుతూ వెళ్ళిపోయాడు. స్వరూప నోరు తెరుచుకుని చూసింది.

"మరి అదంత ఏడికి పోయింది మేడం?"

"ఎక్కడికీ పోలేదు. ఈ డబ్బాలో ఉంది. ఒకసారి చెయ్యి ఇవ్వండి."

పట్టీ చేతికి తగిలించి ఒక్క నిమిషం మీట తిప్పింది. స్వరూప మోకాళ్ళు వాటంతట అవే వంగిపోయాయి. చంకలో బిడ్డ జారిపోతుందేమోనన్న భయంతో గోడను ఆనుకుని కింద కూలబడింది.

"ఇది చెంచాడే," అంది తబస్సుమ్, ఆమె పక్కనే నేల మీద కూర్చుంటూ. "అలసటను ఒంట్లోంచి తీయగలం స్వరూపగారూ, మాయం చేయలేం. డబ్బాలో పన్నెండు గంటలు ఆగుతుంది. ఆలోపల ఇంకో మనిషి ఒంట్లో పోయాలి. ఆ మనిషి పడుకుని నిద్రతో కరిగించాలి. మనిషి నిద్ర తప్ప దాన్ని కరిగించేది ఇంకా దొరకలేదు."

అదీ అసలు సంగతి. మిల్లుకు పోతే పన్నెండు గంటలు పిల్ల కళ్ళ ముందుండదు, కానీ సాయంత్రం ఒంట్లో అలసటంతా తీసేసి పువ్వులా పంపిస్తారు. ఇంటి దగ్గర ఉంటే పొద్దంతా పిల్ల పక్కనే ఉంటుంది, కానీ ఒంట్లో ఎవరెవరి అలసటో ఉంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏ గొయ్యి కాస్త లోతు తక్కువో చూసుకోవాలి, అంతే.

ఇంటికి వచ్చి అత్తతో చెప్పింది. కొమురమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే తీర్పు చెప్పేసింది. "తల్లి ఇంట్ల ఉంటే సాలు బిడ్డా. పండుకున్నా తల్లే."

మొగిలిని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మగవాళ్ళకు ఆ మాట అనడం మహా సులువు. అనేస్తే మంచివాళ్ళయిపోతారు, ఆలోచించే పని కూడా తప్పుతుంది. స్వరూప రాత్రంతా అటూ ఇటూ దొర్లి, పొద్దున లేచి రెండో కాగితం మీద సంతకం పెట్టింది. బిడ్డ కళ్ళ ముందుంటే చాలనుకుంది.

పొద్దున ఎనిమిదింటికి పాలవ్యాను వచ్చినట్టే రాత్రి షిఫ్టువాళ్ళ డబ్బాల వ్యాను వచ్చేది; పగటి షిఫ్టువాళ్ళవి సాయంత్రం వేరే ఇళ్ళకు పోయేవి. స్వరూప పట్టీలు కట్టుకుని చాప మీద పడుకునేది. నలభై నిమిషాలు. ముందు కళ్ళు బరువెక్కేవి, తర్వాత భుజాలు, తర్వాత నడుం. మెల్లమెల్లగా అదంతా కిందికి దిగి పిక్కల్లో పేరుకునేది. డబ్బా మీద పేరుండదు, నంబరే ఉంటుంది. అయినా ఆరేళ్ళు మిల్లులో బతికిన మనిషి కదా, ఎవరి అలసటో ఇట్టే చెప్పగలిగేది. ఎడమ భుజం గుంజితే కండెల సెక్షన్. నడుం విరిగినట్టుంటే బేళ్ళు మోసేవాళ్ళది. కుడి మోకాలు సలిపితే కుట్టుమెషిన్ తొక్కే పిల్లలది. ఒకరోజు పొత్తికడుపులో పోటు కూడా వచ్చింది. ఎవరో ఆడపిల్ల నెలసరి నొప్పిని ఓర్చుకుంటూ షిఫ్టంతా నిలబడిందన్నమాట. ఆ రోజు స్వరూప ఆ ముఖం తెలియని పిల్ల కోసం కాసేపు ఏడ్చింది. తర్వాత నిద్రపోయింది.

కేంద్రంవాళ్ళు పదమూడు నియమాలు అచ్చువేసి ఇచ్చారు. అలసట పోసుకున్నాక ఆరు గంటలు బండి నడపకూడదు. బరువులు ఎత్తకూడదు. పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడకూడదు. బిడ్డను ఎత్తుకుని నిలబడనే కూడదు. స్వరూప ఒక్కటీ తప్పలేదు. నిలబడి చేసే పనులన్నీ అత్తకు వదిలేసింది. కూర్చుని చేసే పని ఒక్కటే తనకు మిగిలింది, బిడ్డకు స్నానం.

పది గంటలకు పీట వేసుకుని గోడకు వీపు ఆనించి, చీర మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళు బార్లా చాపుకునేది. పిక్కల మధ్య పల్లంలో మల్లికను పండబెట్టుకునేది. నువ్వులనూనె రాసి, నలుగు పెట్టి, ఒళ్ళంతా రుద్ది, కొమురమ్మ అందించిన వేడినీళ్ళు చెంబుతో పోసేది. ముక్కు నిలబెట్టి, తల గుండ్రంగా ఒత్తి, చేతులు అడ్డంగా నిలువుగా ఆడించి, అరగంట సేపు. పొద్దంతా మొద్దులా పడి ఉన్నా ఆ అరగంట మాత్రం తాను అమ్మనన్న తృప్తి ఉండేది. అందుకోసమే కదా సంతకం పెట్టింది.

నెల తిరిగేసరికి మల్లిక మహా బుద్ధిమంతురాలైపోయింది. స్నానం కాగానే పడుకునేది. లేచినా ఏడ్చేది కాదు. ఆకలేస్తే ఒక మూలుగు, అంతే. వాడకట్టు వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"పిల్లంటే గిట్లుండాలె. మా ఇంట్ల ఉన్నడు ఒకడు, రాకాసోడు!" అంది ఎదురింటామె.

"తల్లి కడుపుల పెట్టుకోని సూసుకుంటాంది మరి," అని కొమురమ్మ మురిసిపోయింది.

సాయంత్రం మొగిలి ఈల వేసుకుంటూ వచ్చేవాడు. పన్నెండు గంటలు మగ్గాల మధ్య తిరిగి వచ్చినవాడు అప్పుడే నిద్రలేచినవాడిలా తళతళలాడుతూ ఉండేవాడు.

"స్వరూపా, భద్రకాళి చెరువు కట్టకు పోదామా? పిల్లకు గాలి తగుల్తది."

"నువ్వే తీస్కపో."

"రోజూ గిదే మాట. ఇంట్లనే ఉంటివి కదా పొద్దంత."

ఆ మాట అని అతను నాలుక కరుచుకున్నాడు. స్వరూపకు కోపం రావలసింది. కోపానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. అన్నం కంచం ముందే కునుకు తీసింది. మొగిలి ఆమె చెయ్యి కడిగి, చాప మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పాడు. చెడ్డవాడేం కాదు.

ఏడో నెల నడుస్తుండగా అంగన్‌వాడీ టీచర్ తూకం వేసి పెదవి విరిచింది. మల్లిక రెండు నెలల్లో పెరగకపోగా తగ్గింది. అప్పుడు స్వరూపకు ఇంకో సంగతి తట్టింది. అయిదో నెలలోనే బోర్లపడిందని కొమురమ్మ బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేసి వీధంతా పంచిన పిల్ల, ఇప్పుడు బోర్లపడటమే లేదు. ఎప్పటి నుంచి మానేసిందో గుర్తు చేసుకుందామంటే గుర్తు రాలేదు. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేసి రోగమేమీ లేదన్నాడు. కొమురమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. దిష్టీ పోలేదు, పిల్లా కదల్లేదు. కళ్ళు తెరిచి ఇంటి దూలం వైపు చూస్తూ పడుకునేది. పన్నెండు గంటల షిఫ్టు దిగి బస్సు కోసం ఎదురుచూసే మనిషి చూపు అది. ఏడు నెలల పసిగుడ్డు ముఖంలో ఆ చూపు చూసి స్వరూప బిడ్డను దగ్గరికి లాక్కుంది.

ఆ వారమే ఎక్కడో పైపు పగిలి రెండు రోజులు నల్లా రాలేదు. బిందెడు తాగునీళ్ళు తప్ప ఇంట్లో చుక్క లేదు. మల్లికకు స్నానాలు బందు. రెండో రోజు సాయంత్రం స్వరూప చాప మీద పడి ఉండగా ఎవరో కొంగు లాగినట్టయింది. చూస్తే మల్లిక. కొంగు నోట్లో పెట్టుకుని, కాళ్ళు కొట్టుకుంటూ, గుర్రుమని ఆమెనే చూస్తోంది. స్వరూప అత్తను కేకేసింది. ఇద్దరూ సంబరపడ్డారు. దిష్టి పోయిందంది కొమురమ్మ.

మర్నాడు నల్లా వచ్చింది. ఆ పొద్దున డబ్బాలో కండెల సెక్షన్ వాళ్ళ అలసట. స్వరూప ఎడమ భుజం సీసం పోసినట్టయింది. పదింటికి నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, ఊదు పొగ వేసి బిడ్డను పక్కలో వేసుకుంది. గిలక్కాయ ఆడించింది. మల్లిక కుడి చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి లేవలేదు. ఎడమవైపు ఆడిస్తే ఆ చెయ్యి ఎత్తబోయి, సగంలో వదిలేసి, నిట్టూర్చింది.

స్వరూప తన ఎడమ భుజం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఆ నిట్టూర్పు ఆమెకు తెలుసు. ఆరేళ్ళు ఆమె వేసిన నిట్టూర్పే.

ఆ మధ్యాహ్నం వ్యాను వస్తే డబ్బా దించనివ్వలేదు. బిడ్డను కొమురమ్మ ఎత్తుకోగా ఇద్దరూ ఆటోలో హన్మకొండ వెళ్ళారు. తబస్సుమ్ ముందు నమ్మలేదు.

"ఒకరినుంచి ఒకరికి పారదు స్వరూపగారూ. మూడొందలమంది మీద చూశాం. చేతులు పట్టుకున్నా, పక్కపక్కన పడుకున్నా ఏమీ కాలేదు."

"నీళ్ళు పోసిన్రా మేడం?"

"నీళ్ళా?"

"కాళ్ళ మీద పండబెట్టుకోని పోస్తం కదా పిల్లలకు. అట్ల."

తబస్సుమ్ కుర్చీలోంచి లేచింది. లోపలికి వెళ్ళి యంత్రం సరిచూడటానికి వాడే రబ్బరు సంచి తెచ్చింది. నిండా ఉప్పునీళ్ళు, ఏడెనిమిది కిలోల బరువు. దానికి కొలత పట్టీ తగిలించింది. స్వరూప పరికరాల పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూర్చుని, చీర మడిచి, కాళ్ళు చాపింది. పొద్దున పోసుకున్న అలసట పిక్కల్లో ఇంకా ఉండనే ఉంది. రబ్బరు సంచిని పిక్కల మధ్య పడుకోబెట్టి వేడినీళ్ళు పోస్తూ రుద్దసాగింది. అలవాటు కొద్దీ దానికి మెడ ఉన్నట్టు ఎడమచేత్తో పట్టుకుంది. కొమురమ్మ ముఖం తిప్పుకుంది.

కొలత ముల్లు సున్నా దగ్గర ముందు వణికింది. తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. పది నిమిషాలకు తబస్సుమ్ "చాలు, చాలు!" అని చెంబు లాక్కుంది.

చెంబు కింద పెట్టి కొలత రాసుకుంది. తర్వాత ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. కొత్త అలసట ఒంట్లో కుదురుకోవడానికి ఆరు గంటలు పడుతుంది. అందాకా అది పల్లం వెతుక్కుంటుంది, ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి. పొడి చర్మం దాటలేదు. వేడినీళ్ళు, రుద్దుడు, అరగంట సేపు ఒంటికి ఒళ్ళు ఉంటే దాటుతుంది. పెద్దవాళ్ళ ఒంట్లో అయితే కుదురుకుని నిద్రతో కరిగిపోతుంది. పసిపిల్లల ఒంట్లో కుదురుకోవడానికి చోటే లేదు. కొత్తది పడకపోతే రెండు రోజుల్లో పైపైన కాస్త తేటపడుతుంది, అడుగున ఉన్నది మాత్రం ఎంత నిద్రపోయినా అలాగే తిరుగుతూ ఉంటుంది.

"ఆ పదమూడు నియమాలూ రాసింది నేనే," అంది చివరికి. "బరువులు వద్దన్నాను, బండి వద్దన్నాను. నిలబడొద్దన్నాను, కూర్చుని చేసుకోండి అన్నాను. మా నానీ, అంటే మా అమ్మమ్మ, నాకు ఏడాది దాకా కాళ్ళ మీదే నీళ్ళు పోసిందట. ఎన్నిసార్లు చెప్పిందో. ల్యాబులోకి వస్తే అదొక్కటీ గుర్తు రాలేదు నాకు."

"ఎంతమంది తల్లులున్నరు మేడం ఇట్ల?"

"అరవై రెండు."

అని, తబస్సుమ్ కళ్ళు తుడుచుకుని ఫోను అందుకోబోయింది. స్వరూప ఆమె చెయ్యి పట్టుకుంది. "ఫోన్లు తర్వాత. నా బిడ్డది ఎట్ల తీస్తరో చెప్పు ముందుగాల." మర్యాద గుర్తులేదామెకు.

యంత్రంతో తీయడం కుదరదు. నలభై కిలోల లోపు ఒంట్లోంచి లాగితే అలసటతోపాటు ప్రాణం కూడా లాగేస్తుంది. వచ్చిన దారినే వెనక్కి పంపాలి. అదే నీళ్ళు, అవే కాళ్ళు. కానీ ఆ కాళ్ళవాళ్ళ ఒంట్లో చుక్క అలసట కూడా ఉండకూడదు.

"అట్లాంటి మనిషి ఎవరైనా ఉన్నారా మీ ఇంట్లో?"

ఆ రోజు మొదటిసారి స్వరూప నవ్వింది. ఆ నవ్వులో కారం ఉంది. "ఉన్నడు మేడం. రోజూ ఈల వేసుకుంట ఇంటికొస్తడు."

ఆ సాయంత్రం మొగిలి చెప్పులు విడవకముందే కొమురమ్మ పీట వేసింది. సంగతి విన్నాక అతని ముఖం పాలిపోయింది. కానీ కాళ్ళ మీద నీళ్ళు పోయడమనేసరికి తటపటాయించాడు.

"నాకు రాదమ్మా. జారిపోతే?"

"మొగోళ్ళు పోసుడు మా ఇంటా వంటా లేదు," అంది కొమురమ్మ. "అయినా కూసో. లుంగీ పైకి మడువు. కాళ్ళు దగ్గరికి పెట్టు. అంత దగ్గరికి కాదురా, పిల్ల ఏడ పండాలె?"

వెంట్రుకల కాళ్ళ మీద మల్లికను పడుకోబెడితే ఇటు చూసి అటు చూసి నిట్టూర్చింది. మొగిలి రెండు చేతులూ గాలిలో పెట్టుకుని బిగుసుకుపోయాడు. స్వరూప పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోసింది, అతని చేతులు పట్టుకుని ఎలా రుద్దాలో చూపించింది. తన ఒంటి తడి మాత్రం బిడ్డకు తగలనివ్వలేదు.

అయిదు నిమిషాలకు మొగిలి మాటలు తగ్గాయి. పది నిమిషాలకు తల గోడకు ఆనింది. పావుగంట దాటాక అతని ఎడమ భుజం కిందికి వాలింది. అప్పుడు మల్లిక కాలు ఒకటి లేచింది. నీళ్ళను తన్నింది. రెండో కాలు కూడా తన్నింది. వెచ్చటి నీళ్ళు కంట్లో పడ్డాయో ఏమో, ముఖం కందగడ్డలా చేసుకుని, నోరు ఇంత తెరిచి, ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చింది.

ఎదురింటామె బయటికొచ్చి "ఏమైందే?" అని అరిచింది.

"ఏడుత్తాంది! నా మనుమరాలు ఏడుత్తాంది!" అని కొమురమ్మ చెంబుతో సహా వీధిలోకి పరిగెత్తింది. స్వరూప నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిడ్డ ఏడుస్తుంటే తల్లికి అంత సంతోషం కలగడం తప్పేమోనని కూడా అనిపించింది. అయినా ఆ ఏడుపును చెవులారా విన్నది.

మొగిలి కళ్ళు మూతలు పడుతున్నాయి. "గిదా స్వరూపా, రోజూ నువ్వు మోసేది?"

"గిది పిల్ల మోసింది," అంది స్వరూప. "నేను మోసింది వేరే."

అక్కడే గోడకు ఆనుకుని నిద్రపోయాడు.

పదకొండు సాయంత్రాలు పట్టింది. తొమ్మిదో రోజున మల్లిక మళ్ళీ బోర్లపడింది. రెండోసారికి ఎవరూ బచ్చాలు చేయరు, కొమురమ్మ చేసింది. తబస్సుమ్ రెండుసార్లు వచ్చి బిడ్డను చూసి వెళ్ళింది. మిగతా అరవై ఒక్క ఇళ్ళకూ తానే తిరిగానని, ప్రయోగం ఆపమని పైకి రాశానని చెప్పింది. ఆపుతారా అని స్వరూప అడిగితే తల అడ్డంగా ఊపింది.

"పద్నాలుగో నియమం చేరుస్తారట. బిడ్డలకు టబ్బులో స్నానం చేయించవలెను అని."

ఆలోచించుకోమని మిల్లువాళ్ళు స్వరూపకు ఇచ్చిన గడువు కూడా ముగిసింది. మళ్ళీ రెండు కాగితాలూ ఇంటికి వచ్చాయి. ఈసారి భృతి కాగితంతోపాటు నీలంరంగు ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఉచితం. టబ్బులో పోస్తే ప్రమాదం లేదు. బిడ్డ ఇంట్లోనే, తల్లి ఇంట్లోనే. ఒప్పుకుంటే ఏ గొడవా ఉండదు. స్వరూప కలం పట్టుకుని కూర్చుంది.

మల్లిక అప్పుడు గారాలు పోతూ ఆమె వేలు కొరికింది. చురుక్కుమంది. నోరు తెరిచి చూస్తే కింద రెండు పళ్ళు.

"అత్తమ్మా, పళ్ళెప్పుడు వచ్చినయి?"

"నెల దాటింది కదనే. పిలిచి నీకే సూపెట్టిన. సూసి నవ్వినవ్ గూడ."

స్వరూపకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రెండు నెలలూ ఆమె బిడ్డకు మూరెడు దూరంలోనే ఉంది, మొదటి పన్ను వచ్చిన రోజు కూడా ఉంది, చూసింది కూడా, కానీ ఒంట్లో ఇంకెవరో ఉన్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది.

కొమురమ్మ దగ్గరికొచ్చి కూర్చుంది. పండుకున్నా తల్లే అన్న మనిషి, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి కాసేపు తీసుకుంది. "పో బిడ్డా పనికి. పొద్దుమీకి వచ్చి రెండు గంటలన్న నిమ్మలంగ ఎత్తుకుంటవు. నీళ్ళు నేను పోస్త. నా పిక్కలల్ల నా అలుపే ఉంటది, కుదురుకోని అరవై ఏండ్లాయె. అది ఏడికీ పోదు."

స్వరూప మొదటి కాగితం మీద సంతకం పెట్టింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఒక గొయ్యిలోంచి ఎక్కి ఇంకో గొయ్యిలోకి దిగినట్టే ఉంది.

సోమవారం పనిలో చేరింది. ఎనిమిది నెలలుగా మెషిన్ ముఖం చూడని ఒళ్ళు. మధ్యాహ్నానికే భుజం మొరాయించింది. సాయంత్రం ఆరింటికి కండెల సెక్షన్ వాళ్ళంతా గేటు పక్కనున్న గదికి వరస కట్టారు. దాన్ని తేలికగది అంటారు. స్వరూప మాత్రం వరసలో నిలబడలేదు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే గట్టిగా అనుకుంది. తన అలసట ఇంకొక తల్లి మీద పోయదు. మోసిన మనిషికే ఆ బరువు తెలుసు. తెలిసీ ఎలా పోస్తుంది?

గేటు దాటింది. బస్టాపు దాకా నడిచింది. అరికాళ్ళు మండుతున్నాయి. బస్సు వచ్చింది, కూర్చోవడానికి చోటు లేదు. ఎక్కబోయి ఆగిపోయింది. ఇంటికి వెళ్ళేసరికి ఏడున్నర. మల్లిక తొమ్మిదింటికి పడుకుంటుంది. ఆ గంటన్నరా తాను గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతూ ఉంటుంది. అందుకా పొద్దంతా వదిలేసి వచ్చింది?

బస్సు వెళ్ళిపోయింది. స్వరూప వెనక్కి తిరిగింది.

తేలికగదిలో నర్సు పట్టీలు కడుతుంటే అడిగింది. "ఇది ఎవరికి పోతది చెల్లే?"

"నంబరే ఉంటదక్కా. పేరుండదు."

పావుగంట. భుజం వదిలింది, నడుం వదిలింది, అరికాళ్ళ మంట చల్లారింది. ఒళ్ళు దూదిపింజలా తేలికైపోయింది. అంత హాయిగా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి, కొంగుముడిలోంచి కండె లేబుల్ ఒకటి తీసి, దాని వెనక నర్సు పెన్నుతో రాసింది.

"చెల్లే, ఎడమ భుజం గుంజుతది. కింద దిండు పెట్టుకో. బిడ్డకు కాళ్ళ మీద నీళ్ళు పోయకు, టబ్బులనే పొయ్యి. నన్ను తిట్టుకున్నా ఏమనుకోను."

నూలుపోగుతో దాన్ని డబ్బా పిడికి కట్టింది. నర్సు చూసింది కానీ చూడనట్టు ఊరుకుంది.

ఇంటికి వచ్చేసరికి మల్లిక సాయంత్రపు కునుకులో ఉంది. కొమురమ్మ వంట చేస్తోంది, మొగిలి ఇంకా రాలేదు. స్వరూప కాళ్ళు కడుక్కుని బిడ్డ పక్కన చాప మీద ఒరిగింది. ఇంతసేపటికి డబ్బా ఏదో ఇంటికి చేరి ఉంటుంది. ఆమె ఎవరో పట్టీలు కట్టుకుంటూ ఉంటుంది. చీటీ చదివిందో లేదో.

మల్లిక లేచింది. లేస్తూనే గొంతు చించుకుని ఏడుపు అందుకుంది. స్వరూప ఒక్క ఉదుటున లేచి బిడ్డను ఎత్తుకుంది. ఎత్తుకున్నాక తట్టింది, అలా లేవడానికి ఇంకెక్కడో ఒక తల్లి పడుకుని ఉండాలని. బిడ్డను గుండెకు అదుముకుని, ఆడించడం మొదలుపెట్టింది.